పాత లాప్‌టాప్‌కు కొత్త బలం: ర్యామ్, హార్డ్ డిస్క్ మనమే మార్చుకుందాం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కథ రాయాలా, కవిత రాయాలా అని ఆలోచించాను. నాకు రెండూ రావు. నాకు వచ్చింది స్క్రూడ్రైవర్ పట్టడం. కాబట్టి ఆ పని గురించే రాస్తున్నాను. ఈ సంచికలో నాకు చోటిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

2025 వేసవి సెలవుల్లో నేను బచ్చన్నపేట వచ్చినప్పుడు, మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు జనగామలో డిగ్రీ చేస్తున్న ఒక తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. చంకలో ఒక పాత లాప్‌టాప్ ఉంది. ఎవరో వాడి వదిలేసినది తక్కువ ధరకు కొన్నాడట.

"అన్నా, స్విచ్ వేసి చాయ్ తాగొచ్చినా ఇది తెరుసుకుంటలేదు. షాపుల సూపిస్తే ఇగ పనికిరాదు, కొత్తది కొనుక్కో అన్నరు. బాపు మూడు రూపాయల మిత్తికి పైసలు తెస్త అంటుండు" అన్నాడు.

"మీ బాపును ఆగుమను తమ్మీ. ఒక్కసారి ఇప్పి సూద్దాం" అన్నాను.

విప్పి చూశాం. లోపల 4 జీబీ ర్యామ్, 500 జీబీ పాత హార్డ్ డిస్క్ ఉన్నాయి. రెండో ర్యామ్ పెట్టడానికి ఒక చోటు ఖాళీగానే ఉంది. మరుసటి వారం మేమిద్దరం సికింద్రాబాద్ వెళ్ళి రెండు చిన్న ముక్కలు కొనుక్కొచ్చాం. మూడు వేల రూపాయల లోపే ఖర్చయింది. గంటన్నరలో బిగించాం. నాలుగు నిమిషాలు పట్టే యంత్రం అర నిమిషంలో తెరుచుకుంది. వాళ్ళ బాపు అప్పు చేయవలసిన అవసరం రాలేదు.

ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. ఇది ఎవరైనా చేయగలిగే పని. ఎలా చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ర్యామ్ అంటే ఏమిటి? హార్డ్ డిస్క్ అంటే ఏమిటి?

చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. రెండింటినీ జీబీలలోనే కొలుస్తాం కాబట్టి ఆ పొరపాటు సహజం. మన హాస్టల్ నుండే ఉదాహరణ చెబుతాను.

మనందరికీ ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. పుస్తకాలు, బట్టలు, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. చదువుకునేటప్పుడు కావలసిన పుస్తకాలు మాత్రం తీసి చాప మీద పరచుకుంటాం. ఆ పెట్టె హార్డ్ డిస్క్ వంటిది. ఆ చాప ర్యామ్ వంటిది.

పెట్టెలో పెట్టినవి రేపు, ఎల్లుండి కూడా ఉంటాయి. చాప మీద పరచినవి స్టడీ అవర్ అయిపోగానే ఎత్తేస్తాం. అలాగే కరెంటు తీసేయగానే ర్యామ్ ఖాళీ అవుతుంది, డిస్క్‌లో ఉన్నవి మాత్రం అలాగే ఉంటాయి. సేవ్ చేయకుండా మూస్తే మనం టైపు చేసినది పోవడానికి కారణం ఇదే.

చాప చిన్నదైతే ఏమవుతుంది? లెక్కల పుస్తకం తెరవాలంటే సైన్సు పుస్తకాన్ని పెట్టెలో పెట్టాలి. మళ్ళీ సైన్సు కావాలంటే లెక్కలది లోపల పెట్టాలి. చదువు కంటే లేవడం, కూర్చోవడమే ఎక్కువవుతుంది. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ కూడా ఇదే చేస్తుంది. ర్యామ్‌లో పట్టని వాటిని డిస్క్‌లోకి, డిస్క్ నుండి ర్యామ్‌లోకి మారుస్తూ ఉంటుంది. అందుకే నెమ్మదిస్తుంది.

ఇక పెట్టె సంగతి. పాతరకం హార్డ్ డిస్క్‌లో గుండ్రటి పళ్ళేలు తిరుగుతూ ఉంటాయి. వాటి మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ కదిలి సమాచారాన్ని చదువుతుంది. లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండే డిస్క్ నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 90 సార్లు. ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు చేయి కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే సుమారు 5.5 మిల్లీ సెకన్లు ఆగాలి. చేయి కదలడానికి పట్టే సమయం దీనికి అదనం. ఇది మనకు తక్కువ సమయమే. కాని కంప్యూటర్ తెరుచుకోవడానికి వేల చిన్న చిన్న ఫైళ్ళు చదవాలి. ప్రతిదానికీ ఇంత ఆగితే నిమిషాలు గడిచిపోతాయి.

కొత్తరకం డిస్క్ పేరు సాలిడ్ స్టేట్ డ్రైవ్. అందరూ ఎస్.ఎస్.డి. అంటారు. ఇందులో తిరిగేది ఏదీ లేదు, అంతా చిప్పులే. కావలసినది వెతకడానికి సాధారణంగా మిల్లీ సెకనులో పదో వంతు కూడా పట్టదు. పెట్టె హాలు ఆ చివరన ఉండటానికి, పక్కనే చేతికందే అలమరలో ఉండటానికి ఎంత తేడా ఉందో, ఈ రెండింటికీ అంత తేడా ఉంది.

మెమరీ పెంచడం కొత్త పద్ధతి కాదు

ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్క్ యంత్రాన్ని ఐబిఎం కంపెనీ 1956లో విడుదల చేసింది. దాని పేరు రామాక్. అందులో 24 అంగుళాల వెడల్పు గల 50 పళ్ళేలు ఉండేవి. బరువు టన్ను దాకా ఉండేది. అంత యంత్రంలో పట్టింది 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈ రోజు అగ్గిపెట్టె కంటే తేలికైన 256 జీబీ డిస్క్‌లో దానికి సుమారు 50 వేల రెట్లు పడుతుంది.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనం ఇసిఐఎల్ అని పిలిచే ప్రభుత్వ సంస్థ, 1967లో ఏర్పడింది. ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపొందిన టిడిసి-12 అనే కంప్యూటర్‌ను ఆ తొలి సంవత్సరాల్లోనే ఇసిఐఎల్ తయారు చేసింది. దాని మెమరీ 4 వేల పదాలు. అవసరమైతే 32 వేల పదాల వరకు పెంచుకునే ఏర్పాటు అందులో ఉంది. అంటే మన హైదరాబాద్‌లో తయారైన తొలి కంప్యూటర్లను కూడా తర్వాత మెమరీ పెంచుకునే విధంగానే తయారు చేశారన్నమాట.

రోగం ఎక్కడుందో ముందు చూడాలి

డాక్టర్ చేయి పట్టి చూడకుండా మందు రాయడు. మనం కూడా పరీక్షించకుండా సామాను కొనకూడదు.

విండోస్ ఉన్న లాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోట మెమరీ, డిస్క్ రెండూ కనిపిస్తాయి. లినక్స్ ఉంటే సిస్టమ్ మానిటర్‌లో చూడవచ్చు. మీరు రోజూ చేసే పని చేస్తూ రెండు మూడు నిమిషాలు గమనించండి.

1. మెమరీ ఎప్పుడూ 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదని అర్థం.
2. మెమరీ ఖాళీగా ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గరే ఆగిపోతుంటే డిస్క్ నెమ్మదిగా ఉందని అర్థం.
3. రెండూ నిండి ఉంటే రెండూ మార్చాలి. డబ్బులు ఒక్కదానికే ఉంటే, ర్యామ్ కనీసం 4 జీబీ ఉన్న యంత్రంలో ముందు డిస్క్ మార్చండి. తేడా వెంటనే తెలుస్తుంది.
4. రెండూ ఖాళీగా ఉండి కూడా నెమ్మదిగా ఉంటే వేరే కారణం ఉంది. ఫ్యాన్‌లో దుమ్ము చేరి వేడెక్కుతుండవచ్చు. మనది మెట్ట ప్రాంతం, దుమ్ము ఎక్కువ. ఒక్కోసారి ఫ్యాన్ శుభ్రం చేస్తేనే సగం రోగం పోతుంది.

ఒక నిజం కూడా చెప్పాలి. ఈ రెండు ముక్కలు మార్చినంత మాత్రాన ప్రాసెసర్ కొత్తది కాదు, బ్యాటరీ బాగుపడదు, పెద్ద పెద్ద ఆటలు ఆడలేం. టైపింగ్, ఇంటర్నెట్, వీడియో పాఠాలు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం వంటి చదువు పనులకు మాత్రం బాగా సరిపోతుంది.

ఏ ముక్క కొనాలి?

డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. ర్యామ్‌లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి కాని ఒకదాని చోట మరొకటి పట్టదు. లాప్‌టాప్‌లో వాడే రకాలు ఇవి:

డిడిఆర్2: 200 పిన్నులు, 1.8 వోల్టులు
డిడిఆర్3: 204 పిన్నులు, 1.5 వోల్టులు
డిడిఆర్3ఎల్: 204 పిన్నులు, 1.35 వోల్టులు
డిడిఆర్4: 260 పిన్నులు, 1.2 వోల్టులు
డిడిఆర్5: 262 పిన్నులు, 1.1 వోల్టులు

ర్యామ్ అంచున ఒక చిన్న గాటు ఉంటుంది. ఒక తరానికీ మరో తరానికీ ఆ గాటు చోటు మారుతుంది. పొరపాటున వేరే రకం పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. కాని డిడిఆర్3, డిడిఆర్3ఎల్ రెండింటికీ గాటు ఒకే చోట ఉంటుంది. 1.35 వోల్టులే ఇచ్చే లాప్‌టాప్‌లో 1.5 వోల్టుల ర్యామ్ పెడితే పని చేయదు. కొనేటప్పుడు చీటీ మీద చివరి అక్షరం వరకు చదవండి. అన్నిటికంటే మంచి పద్ధతి, మీ పాత ర్యామ్‌ను తీసి జేబులో పెట్టుకుని షాపుకు పోవడమే.

ఇంకో మూడు సంగతులు గుర్తుంచుకోండి. ప్రతి లాప్‌టాప్‌కూ గరిష్ఠంగా ఇంత ర్యామ్ అని ఒక హద్దు ఉంటుంది. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాల్లో మోడల్ నంబరు చూసి తెలుసుకోవచ్చు. సాధారణ 32 బిట్ల విండోస్ వేసి ఉంటే 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ పెట్టినా వాడుకోలేదు. 64 బిట్లది వేసుకోవాలి. చాలా సన్నని కొత్త లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు. అలా అతికించిన ర్యామ్‌ను మనం మార్చలేం. అందుకే కొత్తది గాని, పాతది గాని కొనేవారు "ర్యామ్ పెంచుకోవచ్చా, డిస్క్ మార్చుకోవచ్చా" అని ముందే అడగాలి.

డిస్క్‌లో ముఖ్యంగా రెండు ఆకారాలు. ఒకటి రెండున్నర అంగుళాల సాటా డిస్క్, అరచేతిలో పట్టేంత ఉంటుంది. పాతవాటి మందం సాధారణంగా 9.5 లేదా 7 మిల్లీమీటర్లు. రెండోది ఎం.2 రకం. చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా, ఎక్కువగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఎం.2లో మళ్ళీ సాటా, ఎన్‌విఎంఇ అని రెండు రకాలు. చోటు పట్టినంత మాత్రాన పని చేస్తుందని కాదు. మీ లాప్‌టాప్ ఏ రకాన్ని ఒప్పుకుంటుందో చూసి కొనండి.

డిస్క్ మీద 256 జీబీ అని ఉంటుంది, విండోస్‌లో చూస్తే 238 అని వస్తుంది. మోసం జరిగిందని కంగారు పడకండి. తయారీదారులు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. విండోస్ మాత్రం 1,024ను మూడుసార్లు గుణించి 107 కోట్లకు పైగా బైట్లను ఒక జీబీగా చూపిస్తుంది. డిస్క్ ఒకటే, కొలిచే మానిక వేరు.

ఒక సరదా లెక్క చూడండి. యూనికోడ్‌లో "అమ్మ" అని రాస్తే అ, మ, పొల్లు, మళ్ళీ మ అని నాలుగు గుర్తులు. సాధారణంగా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. మొత్తం 12 బైట్లు. ఆ లెక్కన 256 జీబీ డిస్క్‌లో అమ్మ అని 2,133 కోట్ల సార్లకు పైగా రాయవచ్చు.

సామాను ఎక్కడ దొరుకుతుందంటే, జనగామలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్ సామానుకు పేరున్న చోటు. నాలుగు షాపుల్లో ధర అడిగి కొనండి, బిల్లు, వారంటీ తప్పక తీసుకోండి. 2025 చివరి నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా సెంటర్లకు చిప్పులు ఎక్కువగా పోవడం దానికి ముఖ్య కారణం. కాబట్టి మాకు అయిన ఖర్చును లెక్కలోకి తీసుకోకుండా ఆనాటి ధర కనుక్కోండి.

విప్పే ముందు దాచుకోవాలి

ఈ వ్యాసంలో ఏ ఒక్క భాగమైనా గుర్తుంచుకుంటారంటే ఈ భాగాన్ని గుర్తుంచుకోండి.

నా మొదటి లాప్‌టాప్‌లో మా నాయినమ్మ పాడిన బతుకమ్మ పాటలు ఉండేవి. ఒక దసరాకు ఆమెను గద్దె మీద కూర్చోబెట్టి సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, లాప్‌టాప్‌లో వేసుకుని, ఫోన్‌లోంచి తీసేశాను. 2015లో ఆ లాప్‌టాప్ నుండి టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. అది హార్డ్ డిస్క్ చెడిపోతున్న గుర్తు అని నాకప్పుడు తెలియదు. ఒక షాపులో ఇచ్చాను. రెండు రోజుల తర్వాత కొత్త డిస్క్ వేసి ఇచ్చారు. పాతది ఏదని అడిగితే పారేశామన్నారు. అందులో సామాను ఉందని నేను ముందుగా చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. మరుసటి సంవత్సరం నాయినమ్మ చనిపోయింది. ఆ పాటల్లో మా చెల్లెకు ఇప్పుడు రెండే గుర్తున్నాయి.

నేను ఈ పని నేర్చుకున్నది ఆ తర్వాతే. యంత్రం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. అందులోనిది పోతే ఏ షాపులోనూ దొరకదు.

కాబట్టి స్క్రూ ముట్టుకోక ముందే ఈ పనులు చేయండి:

1. ఫోటోలు, నోట్సులు, ప్రాజెక్టు పనులు అన్నీ బయటి డిస్క్‌లోకి గాని పెన్‌డ్రైవ్‌లోకి గాని కాపీ చేయండి. కాపీ అయినవాటిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ అయినట్టు.
2. మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ కాగితాల స్కాన్లను విడిగా ఇంకో చోట కూడా దాచండి. 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా ఏర్పడక ముందు తీసుకున్న కాగితాల మీద మనది వరంగల్ జిల్లా అని ఉంటుంది. అలాంటి పాతవి పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.
3. పాస్‌వర్డులు నోటుబుక్‌లో రాసుకోండి.
4. విండోస్‌లో బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉందేమో చూడండి. ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోండి. అది లేకపోతే మీ డిస్క్ మీకే తెరుచుకోకపోవచ్చు.
5. డిస్క్ నుండి టక్కుమనే చప్పుడు వస్తుంటే ఇక ఆ యంత్రంలో వేరే పని చేయకండి. అన్నిటికంటే ముఖ్యమైన ఫైళ్ళు ముందుగా కాపీ చేయండి.

కావలసిన సామాను

చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, పనికిరాని ప్లాస్టిక్ కార్డు ఒకటి, తెల్ల కాగితం, మెత్తటి బ్రష్. ఇవి చాలు. పాత డిస్క్‌ను బయటి నుండి కలపడానికి యుఎస్‌బి కేసు ఒకటి ఉంటే ఇంకా మంచిది.

కాగితం మీద లాప్‌టాప్ అడుగు భాగం బొమ్మ గీయండి. ఏ స్క్రూ ఎక్కడి నుండి తీశారో బొమ్మ మీద అక్కడే పెట్టండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. నేను నేర్చుకునే రోజుల్లో ఒక పొడవాటి స్క్రూను పొట్టి స్క్రూ చోట బిగించాను. అది కీబోర్డు పక్కన పైకి పొడుచుకొచ్చింది. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

విప్పే పద్ధతి

మంచం మీద, దుప్పటి మీద కూర్చుని ఈ పని చేయకండి. చలికాలంలో ఉన్ని స్వెట్టర్ తీసేటప్పుడు చిటపటమంటుంది కదా, అదే స్థిర విద్యుత్తు. మనకు ఆ చురుకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. అంతకంటే చాలా తక్కువకే చిప్పులు చెడిపోగలవు. చెక్క బల్ల మీద పని చేయండి. మొదలుపెట్టే ముందు, మధ్య మధ్యలో రంగు వేయని ఇనుప వస్తువును, ఉదాహరణకు కుళాయిని, చేత్తో ముట్టుకోండి.

మొదటి మెట్టు: లాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్లీప్‌లో ఉంచితే సరిపోదు. ఛార్జర్ పీకండి.

రెండో మెట్టు: బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేయండి. లోపల ఉండేదైతే మూత తెరిచిన వెంటనే బ్యాటరీ వైరు బోర్డు నుండి విడదీయండి. తర్వాత పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టండి. మిగిలిన కరెంటు పోతుంది. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే దాన్ని గుచ్చకూడదు, నొక్కకూడదు. అక్కడితో ఆపి తెలిసినవారికి చూపించండి.

మూడో మెట్టు: కొన్ని లాప్‌టాప్‌లకు ర్యామ్, డిస్క్ దగ్గర చిన్న చిన్న మూతలు ఉంటాయి. కొన్నింటికి అడుగు భాగమంతా తీయాలి. స్క్రూలన్నీ తీశాక ప్లాస్టిక్ కార్డును అంచులో దూర్చి మెల్లగా జరపండి. రాకపోతే బలం పెట్టకండి. రబ్బరు కాళ్ళ కింద, చీటీ కింద ఇంకో స్క్రూ దాగి ఉందేమో చూడండి. మూతకు సన్నని పట్టీ వైర్లు అతికి ఉండవచ్చు, ఒక్కసారిగా లాగితే తెగిపోతాయి.

నాలుగో మెట్టు: ర్యామ్ రెండు వైపులా చిన్న కొక్కేలు ఉంటాయి. రెండు వేళ్ళతో వాటిని పక్కలకు తెరవండి. ర్యామ్ దానంతటదే పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని బయటికి తీయండి. బంగారు రంగు పిన్నులను ముట్టుకోకండి. కొత్తదాన్ని గాటు సరిచూసి, 30 డిగ్రీల వాలుగా చివరి వరకు దూర్చి, కిందికి నొక్కండి. టక్కుమని కొక్కెం పడాలి.

ఐదో మెట్టు: సాటా డిస్క్ అయితే దాన్ని కనెక్టర్ నుండి దూరంగా, అడ్డంగా జరిపి తీయాలి, పైకి లేపి కాదు. దాని చుట్టూ ఉన్న ఇనుప చట్రాన్ని విప్పి కొత్త డిస్క్‌కు బిగించి, అదే దారిలో లోపలికి జరపండి. ఎం.2 అయితే ఒక్క చిన్న స్క్రూ మాత్రమే. హార్డ్ డిస్క్‌ను మాత్రం ఎప్పుడూ విప్పకండి. లోపల దుమ్ము పడితే ఇక పనికి రాదు.

మూసే ముందు పరీక్ష

స్క్రూలన్నీ బిగించాక తెలుసుకునే బదులు, మూత పైపైన పెట్టి, బ్యాటరీ కలిపి, ఒకసారి ఆన్ చేయండి. తయారీని బట్టి ఎఫ్2, ఎఫ్10, ఎస్కేప్ లేదా డిలీట్ మీట నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ కొత్త ర్యామ్ ఎంత ఉందో, కొత్త డిస్క్ పేరు ఉందో లేదో చూడండి. మొదటిసారి తెర వెలగడానికి కాస్త ఎక్కువ సమయం పట్టవచ్చు, తొందరపడకండి.

తెర నల్లగానే ఉండి బీప్ శబ్దాలు వస్తే భయపడకండి. చాలాసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. మళ్ళీ బ్యాటరీ తీసి, ర్యామ్‌ను తీసి పెట్టండి. పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచే అలవాటు మన దగ్గర ఉంది. గట్టిగా రుద్దితే బంగారు పూత పోతుంది. పొడి మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. మెమ్‌టెస్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించవచ్చు. తప్పులు చూపిస్తే వారంటీ ఉండగానే మార్పించుకోండి.

కొత్త డిస్క్‌లో ఏ సిస్టమ్ వేయాలి?

రెండు దారులున్నాయి. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించడం ఒకటి. దీన్ని క్లోనింగ్ అంటారు. క్లోన్‌జిల్లా వంటి ఉచిత ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. మామూలుగా దీనికి కొత్త డిస్క్ పాతదానంత లేదా అంతకంటే పెద్దదిగా ఉండాలి. మూలం ఏది, గమ్యం ఏది అని రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద పడుతుంది.

రెండోది పెన్‌డ్రైవ్ నుండి కొత్తగా వేసుకోవడం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. అందుకని మంచి యంత్రాలు కూడా చెత్తలోకి పోతున్నాయి. అలాంటివాటికి ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత సిస్టమ్‌లు వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు తెలుగులో మెనూలు ఉండే లినక్స్‌ను కూడా రూపొందించారు. మా తమ్ముడి లాప్‌టాప్‌లో దసరా తర్వాత మింట్ వేశాం. దాని మీదే ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటున్నాడు.

పాత డిస్క్‌ను ఏం చేయాలి?

వెంటనే పారేయకండి. కనీసం రెండు నెలలు అలాగే ఉంచండి. మరిచిపోయిన ఫైలు ఏదైనా అప్పుడు గుర్తుకు రావచ్చు. బాగానే పని చేస్తుంటే యుఎస్‌బి కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు మాత్రం పూర్తిగా చెరిపి ఇవ్వండి. డిలీట్ చేసినంత మాత్రాన ఫైళ్ళు పోవు. పూర్తిగా చెడిన వాటిని, ముఖ్యంగా బ్యాటరీలను, పెంటకుప్పలో వేసి తగలబెట్టకూడదు. ఆ పొగ, ఆ నీళ్ళు మన ఊరికే చేటు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుల మీద ఉంది.

చివరి మాట

మొదటిసారి చేసేటప్పుడు చేతులు వణుకుతాయి. నాకూ వణికాయి. మా తమ్ముడి లాప్‌టాప్‌లో ర్యామ్ నేను పెట్టలేదు, అతనితోనే పెట్టించాను. టక్కుమని కొక్కెం పడినప్పుడు అతని ముఖం చూడాలి! ఆ తర్వాత తన క్లాసులో ఇద్దరి లాప్‌టాప్‌లు తానే బాగు చేశాడు. ఒకరి దగ్గర చాయ్, మరొకరి దగ్గర సమోసా తప్ప డబ్బులు తీసుకోలేదట.

మన ఇళ్ళలో కొత్త లాప్‌టాప్ అంటే ఒక పంట డబ్బు, లేదా ఒక అప్పు. ఎవరో పనికిరాదన్నారని వెంటనే ఆ అప్పు చేయవద్దు. ముందు దాచుకోండి, తర్వాత విప్పి చూడండి, అప్పుడు నిర్ణయించుకోండి. ఈ వ్యాసం చదివి మీలో ఒక్కరైనా ఒక పాత లాప్‌టాప్‌ను బతికిస్తే, ఒక్కరైనా తమ ఇంటివారి ఫోటోలను, గొంతులను జాగ్రత్తగా దాచుకుంటే, నా శ్రమ ఫలించినట్లే.

మీరే చెప్పండి

1. ట్రంకు పెట్టె, చాప: వీటిలో కరెంటు పోయినప్పుడు ఖాళీ అయ్యేది దేనితో పోల్చాం?
2. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకు ఎన్ని మిల్లీ సెకన్లు పడుతుంది?
3. 500 జీబీ అని రాసి ఉన్న డిస్క్‌ను విండోస్ సుమారు ఎంతగా చూపిస్తుంది?
4. గాటు సరిపోయినా ర్యామ్ పని చేయకపోవడానికి ఒక కారణం చెప్పండి.
5. స్క్రూడ్రైవర్ పట్టే ముందు చేయవలసిన మొదటి పని ఏది?

జవాబులు: 1. చాప, అంటే ర్యామ్. 2. సుమారు 8.3. 3. సుమారు 465 జీబీ. 4. వోల్టేజీ తేడా. 5. ఐదో ప్రశ్నకు జవాబు నేను చెప్పను. ఈ రోజే మీరు చేసి చూపించండి.

ఇట్లు,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి